సెరనేడ్: గవాక్షము క్రింది గానము

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రూపములను వర్ణించు గ్రంథములలో సెరనేడ్ అను పేరు సొనాటా, ఫ్యూగ్, రోండో మున్నగువాని సరసనే కనబడుచుండును గాని, ఆ తక్కినవానికి ఉన్నట్టి అంతర్నియమము దీనికి లేదు. ఫ్యూగ్‌నందు ఒక కంఠము ఎత్తుకొనిన వరుసను మఱియొక కంఠము వెనువెంట అందుకొనవలె. రోండోయందు పల్లవి మాటిమాటికి తిరిగి రావలె. సెరనేడ్‌కు ఇట్టి విధి ఏదియు కానరాదు. ఒక మనుష్యుడు గిటారు మీటుచు పాడు రెండు చరణముల పాటయు సెరనేడే. పదుమూడు వాద్యములు ముప్పావుగంటకు పైగా నడుపు సప్తఖండ నిర్మాణమును సెరనేడే. ప్రభువుల ఇంటి శుభకార్యములకు పౌరాణిక పాత్రలతో కూర్చిన గేయనాటికయు దానికి సోదరిగా సెరనాటా అను పేరుతో చెల్లుబడి ఐనది. కావుననే దీనిని రూపదృష్టితో నిర్వచింపబూనినవారు కొంతదూరము పోయి ఆగిపోవుదురు. దీనిని నిర్వచింపగలది రూపము కాదు, సందర్భమని నా అభిప్రాయము. ఎవరికొఱకు, ఏ వేళ, ఏ చోట నిలిచి వాయింతురను మూడింటినుండియే దీని లక్షణములన్నియు పుట్టినవి. ఆ మూడును గతించిన పిమ్మటకూడ ఈ పేరు నూఱేండ్లకు పైబడి ఎట్లు బ్రతికినదన్నదే ఇచట విచారింపవలసిన విషయము.

లోకమునకు మొదట తోచునది ప్రేమికుని పాట. రాత్రివేళ వీధిలో నిలిచి, మేడ గవాక్షమునకు ముఖమెత్తి, ల్యూట్ గాని మాండొలిన్ గాని గిటారు గాని మీటుచు ప్రియురాలిని మేలుకొలుపు ఆచారము ఇటలీ, స్పెయిన్ దేశములలో చిరకాలము వాడుకలో ఉండెను. ఆ వాద్యములకు నాదబలము తక్కువ. ఆ కొఱతయే వానికి శోభ ఐనది. ఏలయన ఊరినెల్ల లేపకుండ ఒక్కరినే లేపవలెనను కోరిక ఆ సన్నని మీటులోనే వినబడుచున్నది. తరువాతి స్వరకర్తలు రాత్రిని స్ఫురింపజేయదలచినపుడెల్ల వయొలిన్ వాద్యకారులచేత కమానులను ప్రక్కన బెట్టించి తంత్రులను వ్రేళ్ళతో మీటించుట ఈ స్మృతివలననే. 1673లో స్వరకర్త బీబర్ రచించిన ఒక సెరనేడ్‌లో తంత్రీవాద్యములు ఇట్లే ల్యూట్‌లవలె పలుకుచుండగా, రాత్రి గస్తీ తిరుగు కావలివాడు మంద్రకంఠముతో వేళను చాటుచు నడుమ ప్రవేశించును. ప్రణయమునకు అనుకూలమైన వేళయే కావలివానికిని పనివేళ కదా!

ఒపేరా రచయితలకు ఈ ఆచారము చేతికందిన వరమైనది. ఐనను వారు దానిని ఎన్నడును పూర్తిగా నమ్మినట్లు తోచదు. రంగస్థలముమీది సెరనేడ్‌లను వరుసగా పరికించినచో వానిలో అధికభాగము వంచనగానో వైఫల్యముగానో పరిణమించుట కనబడును. 1787లో ప్రేగ్ నగరమున ప్రదర్శింపబడిన మోజార్ట్ ‘డాన్ జొవాన్ని’లో నాయకుడు తన సేవకుని దుస్తులు ధరించి, తాను విడనాడిన ఎల్విరాయొక్క పరిచారిక కిటికీ క్రింద మాండొలిన్‌తో పాడును. ఆ నాటకమునందలి సంగీతములో అంత నిష్కపటముగా వినవచ్చు పాట మఱియొకటి లేదనవచ్చును. పాడువాడో, నిష్కపటత్వమే ఎఱుగనివాడు. 1816లో రోమ్ నగరమున ప్రదర్శింపబడిన రొస్సీనీ ‘సెవిల్ మంగలి’ ప్రారంభమునందు అల్మవీవా ప్రభువు కూలికి వాద్యకారులను పిలిపించుకొని తెల్లవారుజామున పాడగా, అతడు వలచిన రొజీనా కిటికీ తెఱవనే తెఱవదు. కూలి ధారాళముగా ముట్టిన వాద్యకారులు మాత్రము కృతజ్ఞతలు చెప్పుటలో పాటను మించిన కోలాహలము చేయుదురు. 1868లో మ్యూనిక్‌లో వెలువడిన వాగ్నర్ ‘మైస్టర్‌సింగర్’లో బెక్‌మెస్సర్ పాడిన పాటకు గతి ఇంకను విషమము: కిటికీలో నిలిచినది ప్రియురాలు కాదు, ఆమె దుస్తులు ధరించిన దాది, ఎదుటి అరుగుమీది చర్మకారుడు సాక్స్, పాటలో దొరలిన తప్పునకెల్ల ఒక సుత్తిదెబ్బ చొప్పున చెప్పు అడుగున మోదును, తుదకు వీధియంతయు లేచి కొట్లాటకు దిగును. ప్రేక్షకుడు నవ్వుచునే గ్రహించు సత్యమేమనగా, ఈ గానము ఎదుటివారి కిటికీ తెఱచుకొనుటపై ఆధారపడినది. తెఱచుకొననిచో పాడినవానికి వీధియే మిగులును.

నిజజీవితమున తెఱచుకొనిన కిటికీ ఒకదాని వృత్తాంతమును హైడన్ ప్రథమ చరిత్రకారులు వ్రాసియున్నారు. వియన్నా నగరమున ఇంకను పేరులేని యువకుడుగా ఉన్న హైడన్ రాత్రులందు మిత్రులతో కూడి వీధులలో వాయించుచుండెడివాడు. ఒకనాడు వారు కుర్ట్స్ అను ప్రసిద్ధ హాస్యనటుని భార్యను ఉద్దేశించి వాయించుచుండగా, నటుడే దిగివచ్చి ఈ సంగీతము ఎవరిదని అడిగి, ఈ బాలునిదే అని విని ఆశ్చర్యపడి, అతనిచేత ఒక గేయనాటకమునకు సంగీతము వ్రాయించుకొనెను. ఆ నాటకసంగీతము నేడు లుప్తమైనది. భార్యకొఱకు వాయించిన సంగీతమునకు భర్త దిగివచ్చి పని యిచ్చుట వియన్నా నగర స్వభావమును చక్కగా తెలుపుచున్నది: అచట ఈ గానము రహస్యప్రణయ చేష్ట కాదు, వీధివారందఱు కిటికీలు తెఱచి ఆలకించు బహిరంగ వినోదము.

సెరనాటా అను గేయనాటికను గూర్చి ఇచట విస్తరింపనవసరము లేదు. 1708లో నేపుల్స్‌లో హాండెల్, 1725లో అదే నగరమున హాసె, ఇంకను పెక్కుమంది వీనిని ప్రభువుల ఇండ్ల వేడుకలకు కూర్చిరి. హాసె రచనలో క్లియొపాత్రా పాత్రను ఫారినెల్లి అను పురుషగాయకుడును, ఆంటొని పాత్రను విత్తోరియా తేసి అను గాయనియు పాడిరనుట ఆనాటి అభిరుచికి నిదర్శనముగా చెప్పుకొనదగినదే గాని, ఆ శాఖ ఫలించినది అల్పము. అది ఒపేరాకు చిన్నచెల్లెలుగా పుట్టి, ఒపేరా నీడలోనే అణగిపోయినది.

ఫలించిన శాఖ వాద్యములది. అది ఫలించిన చోటు సాల్జ్‌బర్గ్. ఆ నగరమున విశ్వవిద్యాలయ సంవత్సరాంతమున, ఆగస్టు మాసపు సాయంకాలమున, విద్యార్థులు ఒక స్వరకర్తచేత ‘ఫైనల్‌మ్యుజిక్’ అను సమాపన సంగీతమును వ్రాయించి, వాద్యబృందమును వెంటబెట్టుకొని మొదట మిరాబెల్ సౌధమునకు పోయి ప్రభువైన ఆర్చిబిషపు నెదుట వాయింపించి, అచటినుండి కవాతుగా కళాశాల ప్రాంగణమునకు వచ్చి ఆచార్యుల నెదుట మరల వాయింపించెడివారు. ఈ ఒక్క ఆచారమును గమనించినచో ఈ జాతి రచనల అవయవములన్నింటికి కారణము దొరకును. నడచి పోవలెను గనుక ఆదిని కవాతు గీతము, మరలి పోవునపుడు మరల అదియే. నిలుచుండి వాయింపవలెను గనుక సాధారణముగా కూర్చుండి వాయించు చెల్లోకు చోటు లేదు, మంద్రభాగమును డబుల్ బేస్ మోయును. వినువారు ఆసనములందు బంధితులు గాక తోటలో సంచరించుచు సంభాషించుచుందురు గనుక ఏడెనిమిది చిన్న ఖండములు, వాని నడుమ రెండేసి మూడేసి మినుయెట్ నృత్యములు. బృందమున నేర్పరియైన వయొలిన్ వాద్యకారుడుండిన అతని కొఱకై నడిమి రెండు మూడు ఖండములలో ఒక చిన్న కాన్సర్టోయే దాగియుండును. గ్రంథములలో వింతగా కనబడు ఈ బహుఖండ నిర్మాణము ఏ సిద్ధాంతకర్తయొక్క బుద్ధినుండియు పుట్టలేదు. నడకనుండి, నిలుకడనుండి, వేసవి సంధ్యనుండి పుట్టినది.

1776 జూలైలో మోజార్ట్ వ్రాసిన ‘హాఫ్నర్ సెరనేడ్’ ఇట్టివానిలో పెద్దది. ధనికుడైన వర్తకుడు సిగ్‌మండ్ హాఫ్నర్ తన సోదరి వివాహమునకు ముందటి సాయంకాలమున వాయింపించుటకై వ్రాయించిన ఈ కృతి ఎనిమిది ఖండములతో ఇంచుమించు గంటసేపు నడచును. కల్యాణగృహమున ఎవరును గంటసేపు మౌనముగా కూర్చుండరు. ఇరువదేండ్ల యువకుడు అది ఎఱిగియు, వినువారు లేనిచోటకూడ వినువాడొకడున్నట్లే వ్రాసెను. ఆఱేండ్ల తరువాత ఆ హాఫ్నర్‌కే ప్రభువర్గమున స్థానము లభించినపుడు, తండ్రి లెయొపోల్డ్ వియన్నాలోనున్న కుమారునికి మఱియొక సెరనేడ్ పంపుమని వ్రాసెను. ఒపేరా పనులతో, సమీపించిన వివాహముతో తలమున్కలైయున్న మోజార్ట్ దానిని ఖండఖండముగా టపాలో పంపి, మఱుసటి ఏడు ఆ ప్రతి తిరిగి చేతికి వచ్చినపుడు అందలి ఒక్క స్వరమును తనకు జ్ఞప్తి లేదనియు, అది నిశ్చయముగా చక్కని ప్రభావము చూపగలదనియు తండ్రికి వ్రాసెను. పిమ్మట అతడు కవాతును, ఒక మినుయెట్‌ను తీసివేసి, ఫ్లూట్‌లను, క్లారినెట్‌లను చేర్చి, 1783 మార్చి 23న చక్రవర్తి సమక్షమున కచేరీలో వాయింపించెను. అదియే నేడు లోకమెఱిగిన ‘హాఫ్నర్ సింఫనీ’. అదే కచేరీలో 1779 నాటి ‘పోస్ట్‌హార్న్ సెరనేడ్’ నుండి రెండు ఖండములనుకూడ విడదీసి వినిపించెను. సెరనేడ్ చరిత్రలో ఈ ఒక్క సాయంకాలమునకు నేను మిక్కిలి విలువ నిత్తును. తోటకొఱకు వ్రాసినది కొద్ది మార్పులతో మందిరమున నిలిచినది. కవాతు తొలగినదే గాని కవాతులోని ఉల్లాసము తొలగలేదు.

ఆ ‘పోస్ట్‌హార్న్ సెరనేడ్’ పేరు టపాబండి కొమ్ముబూర ఒక మినుయెట్ నడుమ పలుకుటవలన వచ్చినది. ఊరు విడిచి పోవు విద్యార్థులకు బండి సిద్ధమైనదను చమత్కారము కాబోలు. కాని దాని నిజమైన విలువ ఆ చమత్కారమున లేదు. అందలి ఐదవ ఖండము డి మైనర్‌లో నడచు మందగతి; వేడుక నడుమ అది అకస్మాత్తుగా ఎదురైనపుడు, మోజార్ట్ ఈ వేడుకకొఱకు ఎన్నడును మనసును సగము మాత్రమే పెట్టలేదని తెలియును.

వియన్నాలో వాద్యములు మారినవి. ఆరుబయట గాలికి తంత్రుల నాదము చెదరిపోవును. మన పెండ్లి ఊరేగింపునకు వీణ గాక సన్నాయి అమరినట్లే, అచటను ఊదు వాద్యములకు ప్రాబల్యము కలిగెను. 1782లో చక్రవర్తి రెండవ జోసెఫ్ ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్‌లు జంటలుగా గల ఎనిమిదిమంది బృందమును ఆస్థానమున నెలకొల్పగా, ప్రభువులును తమ ఇండ్లలో అట్టి బృందములను పోషింపసాగిరి. మోజార్ట్ దానికి ముందే, 1781 అక్టోబరులో సెయింట్ థెరెసా పర్వదినమునకై, ఆస్థాన చిత్రకారుడైన హికెల్ వదినగారి గౌరవార్థము ఆఱు వాద్యములకు ఒక సెరనేడ్ వ్రాసెను. ఆ రాత్రియే అది మూడుచోట్ల వాయింపబడెను. పక్షము గడచిన పిదప మోజార్ట్ నామదినమున, రాత్రి పదునొకండు గంటలకు అతడు శయనమునకు సిద్ధమగుచుండగా, ఆ వాద్యకారులే వీధి తలుపు తీయించుకొని ప్రాంగణము నడుమ నిలిచి, అతని సంగీతమునే అతనికి కానుకగా వినిపించిరి. తండ్రికి వ్రాసిన లేఖలో ఈ సంగతి చెప్పునపుడు అతని ఆనందము దాగదు. స్వరకర్తకు తన కిటికీ క్రింద తన పాటయే వినబడుటకంటె సన్మానము వేఱేమి కలదు?

ఆ మఱుసటి సంవత్సరమున వ్రాసిన సి మైనర్ సెరనేడ్ చరిత్రకారులకు నేటికిని చిక్కుముడియే. ఎనిమిది ఊదువాద్యములతో, కేవల నాలుగు ఖండములతో, మినుయెట్‌ను కఠినమైన కానన్ నిర్మాణమున బిగించి, దాని నడిమి భాగమున ఒక కంఠమునకు మఱియొకటి తలక్రిందులుగా బదులు చెప్పునట్లు చేసి వ్రాసిన ఈ గంభీరకృతి ఏ విందుకు తగును? ఇది సెరనేడ్ వేషము ధరించిన విషాద సంవాదమని నాకు తోచును. మోజార్ట్ తానే దీనిని తరువాత తంత్రీ పంచకముగా మార్చి లోపలి గదికి చేర్చుటయు ఈ ఊహకు బలము నిచ్చుచున్నది. పండ్రెండు ఊదువాద్యములకును ఒక డబుల్ బేస్‌కును వ్రాసిన ‘గ్రాన్ పార్టిటా’ ఇంకను అపూర్వము. 1784 మార్చిలో క్లారినెట్ విద్వాంసుడు ష్టాడ్లర్ తన సహాయార్థపు కచేరీలో దీని నాలుగు ఖండములను వినిపించెను. దానిలోని అడాజియో ఖండమున క్రింది వాద్యములు ఊపిరివలె సమముగా కదలుచుండగా, ఓబో, క్లారినెట్, బాసెట్ హార్న్ ఒకరి వాక్యమును మఱియొకరు అందుకొని ముగించు తీరు చూచినచో, ప్రేమగీతమునకు మాటలతో అవసరమేలేదని ఒప్పుకొనవలసియుండును. వీనితో పోల్చిన, 1787 ఆగస్టు 10న పూర్తియైన ‘ఐనె క్లైనె నాఖ్ట్‌మ్యుజిక్’ చిన్నదే. మోజార్ట్ తన పట్టికలో వ్రాసికొనిన ఐదు ఖండములలో ఒక మినుయెట్ పోయినది. మిగిలిన నాలుగును అతడు గతించిన చాలకాలమునకు గాని అచ్చుకాలేదు. లోకమున అత్యధికముగా వినబడుటచేత ఇది పలుచనైనట్లు కొందఱు మాటాడుదురు. అపరాధము వినిపించువారిది, కృతిది కాదు.

ఇంతవఱకును ఈ సంగీతమునకు ఉద్దిష్టుడైన శ్రోత ఒకడు పేరుతో సహా ఉండెను: పెండ్లికూతురు, ఆర్చిబిషపు, వదినగారు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునకు ఆ శ్రోత తొలగిపోయెను. నెపోలియన్ యుద్ధముల కాలమున ప్రభువుల ఆదాయములు సన్నగిల్లి బృందములు చెదరినవి. టిక్కెట్టు కొని వచ్చు అజ్ఞాతజనమే సంగీతమునకు పోషకులైరి. బీథోవెన్ యౌవనమున వ్రాసిన రెండు మూడు సెరనేడ్‌లలో కవాతు ఉన్నది గాని నడచువారు లేరు. ఏడు వాద్యములకు వ్రాసిన అతని సెప్టెట్ ఆ జాతికి చేరిన చివరి గొప్ప వేడుక. ప్రజలు దానినే పొగడుచుండగా అతడు తరువాత విసుగుకొనెను. షూబర్ట్ మాత్రము పాత సందర్భమును ఒకమాఱు బ్రతికించెను. 1827లో గానోపాధ్యాయిని అన్నా ఫ్రోలిష్ తన శిష్యురాలి పుట్టినరోజునకై కవి గ్రిల్‌పార్జర్ గీతమునకు సంగీతము కోరగా, అతడు దానిని మొదట పురుషబృందమునకు వ్రాసి, పొరపాటు తెలిసికొని, వెంటనే స్త్రీకంఠములకు తిరుగవ్రాసి యిచ్చెను. పియానోను గుట్టుగా తోటలోనికి చేర్చి, ఆ శిష్యురాలి కిటికీ క్రిందనే పాడిరి. మఱుసటి ఏటి అతని ప్రసిద్ధ ‘ష్టెండ్‌షెన్’ గీతమునకు అట్టి కిటికీ లేదు. అందు పియానో గిటారుగా నటించును. తోట, చంద్రిక, నైటింగేల్ పక్షి అన్నియు ఆ మీటులోనివే.

అటుపిమ్మట సెరనేడ్ వ్రాయువాడు ఎవరికొఱకు వ్రాయుచున్నాడు? ఈ ప్రశ్నకు బ్రామ్స్, ద్వోర్జాక్, చైకోవ్‌స్కీ మువ్వురును ఇంచుమించు ఒకే సమాధానము ఇచ్చినట్లు నాకు కనబడుచున్నది: వారు తమకు ముందటి శతాబ్దముయొక్క కిటికీ క్రింద నిలిచి పాడిరి. బ్రామ్స్ 1857 మొదలు డెట్‌మోల్డ్ ఆస్థానమున ఉద్యోగించుచు, బీథోవెన్ నీడ పడిన సింఫనీని తాకుటకు జంకి, హైడన్ వాకిటి మీదుగా వాద్యబృంద రచనలోనికి ప్రవేశించెను. అతని మొదటి సింఫనీ 1876 వఱకును వెలువడలేదు. రెండు సెరనేడ్‌లు 1860 నాటికే వినబడినవి. సెరనేడ్‌కు తక్కువ స్థాయి ఉండుటయే అతనికి మేలైనది. అచట ఎవరును అతనిని బీథోవెన్‌తో తూచరు. మొదటిదానిలో హైడన్ వేషము కొంత బిగువుగా కనబడును. రెండవదానిలో వయొలిన్‌లను పూర్తిగా విడిచి, వయోలాలను, ఊదువాద్యములను ముందునకు తెచ్చి కల్పించిన సంధ్యావర్ణము మాత్రము సంపూర్ణముగా అతనిదే. రెంటిలో నేను దీనినే ఎన్నుకొందును.

ద్వోర్జాక్ 1875 మే మాసమున పండ్రెండు దినములలో తంత్రీ సెరనేడ్‌ను, 1878 జనవరిలో ఊదువాద్యముల సెరనేడ్‌ను వ్రాసెను. రెండవది మోజార్ట్ కాలపు బృందమును తలపించుచునే చెల్లో, డబుల్ బేస్‌లను తోడు తెచ్చుకొని, ఆదిని కొంచెము కొంటెగా గంభీరమైన కవాతుతో నడచి, నడుమ చెక్ పల్లెనృత్యమునకు దిగి, తుదిని ఆ కవాతును మరల పిలుచును. బ్రామ్స్ దీనిని మెచ్చుకొని వయొలిన్ విద్వాంసుడైన యోవాకిమ్‌నకు లేఖ వ్రాసెను. ఆ కవాతున నిజముగా నడచువాడెవడును లేడు, ఐనను కాళ్ళు కదలుచున్నవి.

చైకోవ్‌స్కీ 1880లో ‘1812 ఓవర్చర్’ను, తంత్రీ సెరనేడ్‌ను ఒకే కాలమున వ్రాసెను. తన పోషకురాలు ఫాన్ మెక్‌నకు వ్రాసిన లేఖలో మొదటిది పెద్దధ్వనియేగాని ప్రేమలేక వ్రాసినదనియు, రెండవది లోపలి ప్రేరణవలన పుట్టినదనియు అతడే తీర్పు చెప్పెను. లోకము ఫిరంగుల మ్రోతనే ఎక్కువ పిలిపించుకొనుచున్నది. ఐనను తీర్పు అతనిదే సరియైనది. మొదటి ఖండమును మోజార్ట్‌పై భక్తితో వ్రాసితినని అతడు చెప్పుకొనెను. చివరి ఖండమునందు రష్యా జానపద గీతము ఉఱకలు వేయుచుండగా, కృతి ఆదిని వినిన గంభీర స్వరపంక్తి తిరిగి వచ్చి, వేగము హెచ్చి, ఆ జానపద గీతముతోనే చుట్టరికము కలదని బయటపడును. ఈ యుక్తి పుస్తక పాండిత్యమువలన వచ్చునది కాదు. పదునేడేండ్ల రిహార్డ్ ష్ట్రౌస్ పదుమూడు వాద్యములకు వ్రాసిన ఏకఖండ రచనయు, 1892 నాటి ఎల్గార్, సూక్ తంత్రీ సెరనేడ్‌లును ఈ బాటలోనివే. మూడును మనోహరములు, మూడింటిలోను పూర్వుల గుర్తు స్పష్టము.

ఇరువదవ శతాబ్దిలో ఆ భక్తి వ్యంగ్యముగా మారినది. 1908లో ప్రేగ్‌లో వినబడిన మాహ్లర్ ఏడవ సింఫనీ నాలుగవ ఖండమున గిటారు, మాండొలిన్‌లు మహావాద్యబృందము నడుమ కూర్చుండును. అవి వినబడుటకై తక్కినవారందఱును స్వరము తగ్గింపవలసి వచ్చును. షోన్‌బర్గ్ 1924లో వినిపించిన సెరనేడ్‌లోను ఆ రెండు వాద్యములే, ఆద్యంతములందు కవాతే, నడుమ పెట్రార్క్ గీతమునకు మంద్రకంఠమే ఉన్నవి. కాని ఆ గీతమున పండ్రెండు స్వరముల క్రొత్త పద్ధతి పట్టుబడుచున్నది. పాత ఇంటి సామానుతో క్రొత్త ఇంటికి పునాది వేసినాడనవచ్చును. స్త్రావిన్‌స్కీ 1925లో పియానోకు వ్రాసిన సెరనేడ్‌లో నాలుగు ఖండములలో ఒక్కొక్కటి గ్రామఫోను రికార్డు ఒక ప్రక్కకు సరిపోవునట్లు కొలిచి వ్రాసెను. పూర్వము నడక దూరము కొలతయైనట్లే ఇపుడు గ్రామఫోను పళ్ళెము కొలతయైనది. బ్రిటెన్ 1943లో టెనర్ కంఠమునకు, హార్న్‌కు, తంత్రులకు వ్రాసినదానిలో ప్రియురాలు లేదు. ఆంగ్లకవుల పద్యములతో సంధ్యయు, రాత్రియు, మృత్యువును ఉన్నవి. హార్న్ విద్వాంసుడు డెనిస్ బ్రెయిన్ ఊపిరిపై నమ్మకముతో వ్రాసిన ఆ కృతిని వినువారు దానిని సెరనేడ్ అని ఏల పిలిచెనని అడుగరు, అడుగుటకు తీరిక ఉండదు.

కాలక్రమమున దీనికి కొంచెము ముందటిదియైన మఱియొక కృతిని నేను కావలెననియే చివరకు ఉంచితిని. 1938 అక్టోబరు 5న లండన్ ఆల్బర్ట్ హాల్‌లో, నిర్వాహకుడు హెన్రీ వుడ్ ఏబదేండ్ల సంగీత సేవకు జరిగిన ఉత్సవమున వాన్ విలియమ్స్ ‘సెరనేడ్ టు మ్యుజిక్’ వినిపింపబడెను. షేక్‌స్పియర్ ‘వెనిస్ వర్తకుడు’ ఐదవ అంకమునందలి వెన్నెలరాత్రి సంభాషణ దానికి సాహిత్యము. వుడ్‌తో కలసి పనిచేసిన పదునాఱుగురు గాయనీగాయకులను స్వరకర్త ఎన్నుకొని, ఎవరి కంఠమునకు తగిన పంక్తిని వారికి వ్రాసి, స్వరప్రతిలో ఆయా పంక్తుల ప్రక్క వారి వారి పేరుల మొదటి అక్షరములను ముద్రింపించెను. ఆనాడు అదే సభలో పియానో వాయించి, పిదప శ్రోతగా కూర్చుండిన రహ్మానినోఫ్ ఈ కృతిని విని కన్నీరు పెట్టుకొనెనందురు. నూఱేండ్లకు పైగా పేరులేని శ్రోతకు వ్రాయబడుచు వచ్చిన ఈ జాతి రచన ఆ సాయంకాలమున మరల పేరుగల మనుష్యునికి, పేరుగల మనుష్యులచేత సమర్పింపబడినది. ఆ పదునాఱుగురే మరల మరల ఒకచోట కూడుట సాధ్యముగాదు గనుక, వాన్ విలియమ్స్ దానిని తరువాత గాయకబృందమునకు ఒక విధముగాను, కంఠములు లేని వాద్యబృందమునకు మఱియొక విధముగాను సవరించి యిచ్చెను. నేడు తఱచుగా కచేరీలలో వినబడుచున్నవి ఆ సవరించిన ప్రతులే.